సీమ ఎలుకల సాక్ష్యం

ప్రేమానందం కలం మూత తీశాడో లేదో, హన్నమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి అతని ముందున్న కాగితం లాక్కుంది. తడిచేతులతో పట్టుకోవడంతో టైపు అక్షరాలు రెండుచోట్ల అలుక్కుపోయాయి. పోతే పోనీ అనుకుంది.

"ఏం రాసుండాది దీంట్లో?" అని అడిగింది. చదవడం రాక కాదు. మిషన్ బడిలో అయిదు తరగతులు చదివిన మనిషి. మొగుడి నోటితోనే చెప్పించాలని అడిగింది.

"కొండకిందపల్లెలో టీకాలు వేసేటప్పుడు నేను అజాగ్రత్తగా ఉన్నానంట. అందుకే తొమ్మిది కోడెలు చచ్చినాయని ఒప్పుకుంటా ఉన్నానంట."

"ఉన్నావా?"

"లేను."

"మరి సంతకం ఎందుకంట?"

ప్రేమానందం కలానికి మూత పెట్టి, మళ్లీ తీశాడు. ఎదుటివాడు గొంతు పెంచితే చాలు, తప్పు తనదే అయి ఉంటుందనుకునే రకం అతను. పద్దెనిమిదేళ్ల కాపురంలో హన్నమ్మకు ఆ సంగతి అలవాటైంది గానీ, నచ్చింది మాత్రం ఏనాడూ లేదు.

"సంతకం పెడితే బదిలీతో పోతాదంట. పెట్టకపోతే ఇక్కడికి మూడో మంగళవారం ఎంక్వయిరీ. అందులో తప్పు తేలితే ఉద్యోగం ఊడతాది."

"తప్పు లేనిది ఎట్ట తేలతాది?" అంటూ ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మూలనున్న చెక్కపెట్టె కిందికి తోసింది. ఆ పెట్టెలో సీమ ఎలుకలు ఉంటాయి. వాటి కింద అంతకంటే మంచి కాగితాలే పరుస్తూ ఉంటుంది ఆమె.

ఉదయగిరి పశువుల ఆస్పత్రి వెనకే వాళ్ల రెండు గదుల కొంప. ఆస్పత్రి అంటే ఒక వరండా, ఒక మందుల గది, గొడ్డును కదలకుండా కట్టేసే కొయ్యల చట్రం, అంతే. ప్రేమానందం అక్కడ కాంపౌండరు. డాక్టరు మల్లికార్జునం ఆత్మకూరులో ఉంటాడు. పదిహేను రోజులకోసారి బస్సు దిగి, ఆ బస్సు తిరిగి బయలుదేరేలోపు సంతకాలూ చేస్తాడు, చీవాట్లూ పెడతాడు.

జరిగిన సంగతి ఇది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు ఎండాకాలంలో, సీతారామపురం దగ్గర కొండకిందపల్లెలో ప్రేమానందం ముప్పై ఒక్క కోడెదూడలకు జబ్బవాపు రాకుండా టీకా వేశాడు. వానలు పడి, కొత్త గడ్డి మొలిచాక జబ్బవాపు రానే వచ్చింది. పాడురోగం అది. బక్కగొడ్డు జోలికి పోదు, బాగా మేసి నిగనిగలాడే కోడెనే పట్టుకుంటుంది. పొద్దున కుంటుతుంది, మధ్యాహ్నానికి జబ్బ ఉబ్బుతుంది, అదిమితే లోపల చిటపటమంటుంది, మర్నాటికి కాళ్లు బారజాపి పడి ఉంటుంది. టీకా పడిన ముప్పై ఒకటిలో తొమ్మిది అట్లా పోయాయి.

వాటిలో మాలకొండమ్మ మయిలకోడె ఒకటి. మొగుడు పోయాక ఒంటిచేత్తో సేద్యం చేస్తున్న మనిషి ఆమె. ఆ కోడెకు ఆ ఏడే కాడి అలవాటు చేసింది. అది చచ్చిన రోజు వీధిలోకి వచ్చి, "మందు ఎవరికో ఇచ్చుకున్నాడు. మనకు నీళ్లు పొడిచినాడు," అంది. ఆ ఒక్క మాట సీతారామపురం దాటి, దుత్తలూరు దాటి, ఆత్మకూరులో డాక్టరుగారి చెవిన పడింది. ప్రేమానందం ఊరి బయటి చర్చి పాలెం మనిషి కావడంతో, ఆ మాట గురించి రెండోసారి ఆలోచించిన వాడు లేడు. హన్నమ్మ కడుపు మండింది అందుకే.

"నువ్వు ఆ ఫ్యాక్టరీలో చూసినావు గదా," అంది ఆ సాయంత్రం, చెక్కపెట్టెలోకి గడ్డి వేస్తూ. "మందు మంచిదో కాదో వీటి మీదనే తేలుస్తారని నువ్వే చెప్పినావు."

నిజమే. ప్రేమానందం పెళ్లికి ముందు మద్రాసుకు అవతల, పశువుల మందులు తయారుచేసే సర్కారు ఫ్యాక్టరీలో, చిన్న జంతువుల కొట్టంలో పనిచేశాడు. తోక లేకుండా, పిడికెడంత ఉండే ఈ జంతువులను అక్కడి దొరలు గినీపిగ్ అనేవాళ్లు. వచ్చేటప్పుడు ఒక జతను బుట్టలో పెట్టుకొచ్చాడు. ఉదయగిరి జనం వాటికి సీమ ఎలుకలని పేరు పెట్టారు. జత కాస్తా పది అయింది, ఇరవై అయింది. వాటిని పెంచేది హన్నమ్మే. తెల్లమచ్చల దానికి గవ్వ అనీ, నుదుట బొట్టున్న దానికి చుక్కి అనీ పేర్లు కూడా పెట్టింది.

"ఆరింటికి టీకా వెయ్యాల. నాలుగింటికి వెయ్యకుండా ఉంచాల," అన్నాడు ప్రేమానందం నిదానంగా. "రెండు వారాలు ఆగి, పదింటికీ రోగం ఎక్కించాల. మందు మంచిదైతే ఆరూ బతుకుతాయి, నాలుగూ చస్తాయి. మందు చెడిపోయుంటే పదీ చస్తాయి."

"ఆ ఊరికి తీసకపోయిన మందు మిగిలుండాదా?"

"అదే నంబరు సీసాలు మూడు ఉండాయి, తడి ఇసక కుండలో. మాలకొండమ్మ కోడె కండ గూడా ఎండబెట్టి సీసాలో దాచిపెట్టినా. పై ఆఫీసుకు పంపుతామంటే డాక్టరుగారు అక్కర్లేదన్నాడు. రోగం ఆ కండలోనే ఉండాది, ఏళ్లు గడిచినా చావదు." అంటూనే అతను తల అడ్డంగా ఊపాడు. "నీకు తెలవడంలా, హన్నా. మందు చెడిందని తేలితే నేను బతికిపోతా. మంచిదని తేలితే? మంచి మందు ఉండి గొడ్లు చచ్చినాయంటే, నేను పొడిచింది నీళ్లేనని రుజువైనట్టే గదా. నా మెడకు నేనే ఉరి బిగించుకోవాల్నా?"

హన్నమ్మ అతని కళ్లలోకి చూసింది. "నువ్వు నీళ్లు పొడిచినావా?"

"దేవుడి తోడు, లేదు."

"అయితే ఏం తేలినా నిజమే తేలతాది. పెట్టు పరీక్ష."

మర్నాడు గురువారం. మాలకొండమ్మ నాగలి కర్రు సాన పట్టించుకోను ఉదయగిరి వచ్చిందని తెలిసి, హన్నమ్మ కమ్మరి కొలిమి దగ్గరికే వెళ్లింది. నలుగురూ వింటుండగా, "మా ఆయన నీళ్లు పొడిచినాడని ఊరంతా చెప్పినావు గదమ్మా. వచ్చి చూసి పో. సీసా నువ్వే ఎంచు," అంది. మాలకొండమ్మ కూడా పిలిస్తే వెనక్కి తగ్గే మనిషి కాదు. చీరచెంగు నడుముకు బిగించి వెంట నడిచింది.

కుండలో చెయ్యి పెట్టి ఆమే ఒక సీసా తీసింది. అల్యూమినియం మూత ఊడతీయక ముందు అటూ ఇటూ తిప్పి చూసింది. ప్రేమానందం ఒక్కొక్క సీమ ఎలుకకూ తొడలో మందు ఎక్కిస్తుంటే, వాటి వీపున ఊదారంగు మందు చుక్క పెట్టింది కూడా ఆమే.

మిగతా నాలుగింటినీ ఎంచాల్సింది హన్నమ్మ. చావబోయేవి ఏవో తెలిసి ఎంచడం మాటలు కాదు. గవ్వనూ చుక్కినీ టీకా వేసే ఆరింట్లో ముందే పెట్టేసింది. నాలుగింటిని వేరే పెట్టెలోకి మార్చి, వాటికి ఆ పూట రెండింతలు గడ్డి వేసింది. వాటి ముఖం చూడలేకపోయింది.

"చిన్నప్రాణులు, పాపం," అంది మాలకొండమ్మ.

"పాపమే. నీ మాటకు పుట్టిన పాపం," అంది హన్నమ్మ. మాలకొండమ్మ తిరిగి కొలిమి దారి పట్టింది.

మర్నాటికే ఆరింటికీ తొడ మీద చిన్న గడ్డలు లేచాయి. "అది మందు గడ్డ. రెండు మూడు రోజుల్లో కరిగిపోతాది. ముట్టుకోబాకు," అని చెప్పి ప్రేమానందం గొడ్లు చూడడానికి వెళ్లాడు. నాలుగు గడ్డలు బఠాణీ గింజంత ఉన్నాయి. గవ్వకూ చుక్కికీ మాత్రం ఇంకాస్త పెద్దవి. గవ్వ కాలు ఎత్తి ఎత్తి వేస్తోంది. గడ్డీ ముట్టలేదు.

హన్నమ్మ కాసేపు చూసింది, కాసేపు ప్రార్థన చేసింది. ప్రార్థన అయ్యాక పసుపుకొమ్ము తీసింది. పసిబిడ్డకు పాలు ఇమడకపోతే, దూడకు మెడ వాస్తే, ఆ సీమలో ఎవరైనా చేసేది అదే. దీపం మీద కొమ్ము ఎర్రగా కాల్చి, వాపు మీద ఒక్క వాత. పెద్ద గొడ్డుకైతే కొడవలి కాల్చి పెడతారు. ఆమె బొడ్డు చుట్టూ వాళ్లమ్మ పెట్టిన వాతలు నాలుగు ఇప్పటికీ ఉన్నాయి. చర్చికి వెళ్లినంత మాత్రాన పసుపుకొమ్మును వదులుకుంటారా ఎవరైనా? గవ్వ కీచుమంది. చుక్కి గిలగిల్లాడింది. రెండు రోజులకు గడ్డలు అణిగి పెచ్చు కట్టాయి. గవ్వ గడ్డి తింది. హన్నమ్మ తనలో తాను నవ్వుకుంది. మొగుడికి చెప్పలేదు.

రెండు వారాలు గడిచాయి. గురువారం పొద్దున ప్రేమానందం ఎండుకండను నూరి, నీళ్లలో కలిపి, పదింటికీ ఎక్కించాడు. శనివారం మధ్యాహ్నానికి టీకా పడని నాలుగూ చనిపోయాయి. తెలిసిన చావే అయినా హన్నమ్మ ఏడ్చింది. ఆరూ పెట్టెలో తిరుగుతున్నాయి గదా అని కళ్లు తుడుచుకుంది.

ఆదివారం ప్రార్థనకు వెళ్లే ముందు పెట్టె మూత తీస్తే, గవ్వా చుక్కీ పక్కపక్కనే పడి ఉన్నాయి. వీపున ఊదారంగు చుక్కలు అట్లాగే ఉన్నాయి.

"ఆరింట్లో రెండు," అంటూ ప్రేమానందం గోడకు చేరగిలబడ్డాడు. "ఇట్ట కాకూడదే. పోతే ఆరూ పోవాల, ఉంటే ఆరూ ఉండాల. నా చెయ్యే సరిగ్గా పడలేదేమో. ఆ ఊర్లో గూడా ఇట్టనే వేసినానేమో."

మళ్లీ తప్పు తన మీదికే లాక్కుంటున్నాడు. హన్నమ్మకు తల కొట్టేసినట్టయింది. గవ్వను చేతిలోకి తీసుకుని తొడ తిప్పి చూపించింది. వెంట్రుకలు ఊడి, పైసంత నల్లటి మచ్చ.

"నీ చెయ్యి కాదు. నా చెయ్యి. గడ్డలు చూడలేక వాత పెట్టినా."

పద్దెనిమిదేళ్లలో మొదటిసారి ప్రేమానందం అరిచాడు. ముట్టుకోవద్దంటే కాల్చినావా అన్నాడు, చదువుకున్నదానివేనా అన్నాడు, ఇంకా ఏవేవో అన్నాడు. హన్నమ్మ అన్నీ పడింది. ఉన్నట్టుండి అతని గొంతు తగ్గింది.

"వాత గడ్డ మీదనే పెట్టినావా?"

"సరిగ్గా గడ్డ మీదనే."

"మందు ఉండేది ఆ గడ్డలోనే. ఒంట్లోకి ఎక్కేదానికి రోజులు పడతాది. ఎక్కక ముందే ఉడకబెట్టేసినావు. ఏ పుస్తకంలోనూ చదవలేదు గానీ, అంతే అయ్యుంటాది. మిగతా నాలుగూ చూడు, ఎట్ట తిరగతా ఉండాయో."

హన్నమ్మ చేతిలోని గవ్వను కింద పెట్టింది. "కొండకిందపల్లెలో కోడెలకు గడ్డలు లేచినాయా?"

"అన్నిటికీ లేచుంటాయి. రెండు రోజుల్లో కరుగుతాయి, ముట్టుకోబాకండని చెప్పే వచ్చినా."

"నాకూ చెప్పినావు," అంది హన్నమ్మ.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ప్రేమానందం కళ్లలో ఒక్క క్షణం వెలుగు వచ్చింది, వెంటనే ఆరిపోయింది. "ఒద్దులే. నా గొడ్డును నేనే చంపుకున్నానని ఏ రైతు ఒప్పుకుంటాడు? పైగా కాంపౌండరు పెళ్లామే వాత పెట్టిందంటే ఆత్మకూరు దాకా నవ్వుతారు. ఆ రెంటినీ పాతిపెట్టేద్దాం."

"నవ్వనీ. నవ్వితే నా పళ్లు ఊడతాయా?" అంది హన్నమ్మ. ఆమెకు ఓబులయ్య మాట గుర్తొచ్చింది. చెప్పులు కుట్టే ఓబులయ్య ఆమెకు వరసకు అన్న. ఉండేది కొండకిందపల్లెలో. చచ్చిన కోడెలను తోలు తీయకుండా పాతిపెట్టమని ప్రేమానందం చెప్పిపోయినా, వినకుండా ఒలిచేశాడు. మొన్న వచ్చినప్పుడు, ఆ తోళ్లకు గిరాకీ లేదనీ, బొక్కలున్న తోళ్లు మాకొద్దని సాయబులు వెనక్కి పంపారనీ మొత్తుకున్నాడు. ఏం బొక్కలని ఆ రోజు ఆమె అడగలేదు.

సోమవారం పొద్దుటి బస్సెక్కి వెళ్లింది. సాయంత్రం బస్సుకు ఓబులయ్యతోపాటు, ఉప్పు పట్టించిన తోళ్ల మోపుతో తిరిగొచ్చింది. కంపు భరించలేక కండక్టరు ఎక్కించనన్నాడు. "బస్సు పైన వెయ్యి. కంపు ముందుకు రాదు, వెనక్కి పోతాది. పోనియ్యి," అని ఆమె ఫుట్‌బోర్డు మీద నిలబడింది. దిగమంటే దిగలేదు.

మంగళవారం పదిగంటలకు డాక్టరు మల్లికార్జునం వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కొండకిందపల్లె నుంచి మాలకొండమ్మా, ఇంకో ఎనిమిది ఇళ్లవాళ్లూ వచ్చారు. ప్రేమానందం పరీక్ష సంగతి చెప్తుంటే డాక్టరుగారు నవ్వాడు. "పెద్ద పెద్ద చదువులు చదివినోళ్లు చేసే పని ఇది. రేపు టీకాలు గూడా నువ్వే తయారు చేస్తావా ఏంది?" అన్నాడు. అయినా పెట్టె తెప్పించి చూశాడు. లెక్క విన్నాడు. టీకా లేనివి నాలుగుకు నాలుగూ పోయాయి, టీకా పడిన ఆరింట్లో నాలుగు బతికాయి.

"అయితే మందు మంచిదే," అంది మాలకొండమ్మ. "సీసా నేనే ఎంచినా గాబట్టి చెప్తా ఉండా. ఇంత మంచి మందు ఉండి నా కోడె ఎందుకు చచ్చింది? నా కోడెకు మందు పడలేదు గనక."

ప్రేమానందం భయపడిన ఉరి అదే. డాక్టరుగారు కలం తీశాడు. "ఆ ఒప్పుకోలు కాగితం ఏదయ్యా?"

"ఆ కాగితం నా దగ్గరుండాది," అంటూ హన్నమ్మ ముందుకు వచ్చింది. ఒక చేతిలో కాగితం, ఇంకో చేతిలో గుడ్డలో చుట్టిన గవ్వ. "రాసుకునే ముందు నా మాట రాసుకోండి సార్. చచ్చిన ఈ రెంటికీ మందు గడ్డ మీద వాత పెట్టింది నేను. మా ఆయన ముట్టుకోవద్దన్నాడు. నేను వినలా. మంచి మందును నా చేత్తో కాల్చినాను." గుడ్డ విప్పి మచ్చ చూపించింది.

వెనకెవరో కిసుక్కున నవ్వారు. హన్నమ్మ అటు తిరిగింది. "నవ్వినాక చెప్పండి. మీలో ఎవరెవరు కొడవలి కాల్చినారు?"

నవ్వు ఆగిపోయింది. ఒకాయన నేల చూపులు చూశాడు. ఇంకొకాయన, "మేమెందుకు కాలుస్తాం," అన్నాడు గొణుగుతూ. ఎవరూ ఒప్పుకోలేదు.

"అన్నా, విప్పు," అంది హన్నమ్మ.

ఓబులయ్య మోపు విప్పాడు. "పాతిపెట్టమంటే ఒలిచినాను సార్. ఆ తప్పు నాది, ఏం చేస్తారో చెయ్యండి," అంటూ ఒక్కొక్క తోలే వరండాలో పరిచాడు. తొమ్మిది తోళ్లు. తొమ్మిదింటికీ మెడ పక్కన, జబ్బకు జానెడు ముందు, ప్రేమానందం సూది వేసే చోటే, కొడవలి వెడల్పున కాలిన బొక్క. డాక్టరుగారు కుర్చీలోంచి లేచాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని తోలు తోలుకూ వంగి చూశాడు.

"మిగతా ఇరవై రెండు కోడెలు ఎవరివి?" అని అడిగాడు.

"పడమటి వీధివి," అన్నాడు ఓబులయ్య. "సూదులు వేసిన మర్నాడు ఆ వీధి వీధంతా దుత్తలూరులో పెళ్లికి పోయింది సార్. వచ్చేసరికి గడ్డలు లేవు. వాత పెట్టేదానికి ఏమీ మిగల్లేదు."

మాలకొండమ్మ నెమ్మదిగా కదిలి, తోళ్ల మధ్య నడుస్తూ మయిలరంగు తోలు దగ్గర ఆగింది. కూర్చుంది. కాలిన బొక్క అంచున వేలు పెట్టి, చుట్టూ తిప్పింది. హన్నమ్మ ఆమెకేసి చూస్తూ నిలబడింది. గెలిచానని ఒంటికాలి మీద లేద్దామని ఇన్నాళ్లూ అనుకుంది గానీ, ఇప్పుడు ఆ ముఖం చూస్తే తన చేతిలోని గవ్వే గుర్తొచ్చింది.

"రోగం వచ్చేసిందనుకున్నా," అంది మాలకొండమ్మ. "బతకాలని పెట్టినా. మా అత్త పెట్టేది, మా అమ్మ పెట్టేది. నేనూ పెట్టినా."

"నేనూ అందుకే పెట్టినానమ్మా," అంది హన్నమ్మ. ఆమె పక్కనే కూర్చుంది. పాలెం మనిషి తనను ఆనుకుని కూర్చుందని మాలకొండమ్మ జరగలేదు.

డాక్టరుగారు గొంతు సవరించుకున్నాడు. "సరే, జరిగిందేదో జరిగింది. అందరూ పోయి రండి. దీన్ని రాతపూర్వకంగా పెట్టాల్సిన పన్లేదు," అన్నాడు కలం మూత పెడుతూ.

"పన్లేదంటే ఎట్ట?" మాలకొండమ్మ లేచి నిలబడింది. "నేను నీళ్లంటే రాసుకున్నారు గదా. ఇప్పుడు గూడా రాసుకోండి." హన్నమ్మ చేతిలోని కాగితం తీసుకుని, మడతలు విప్పి, డాక్టరుగారి ముందు పరిచింది. ప్రేమానందం సంతకం పెట్టాల్సిన చోట సీమ ఎలుకల గడ్డిమరక ఉంది. "ఈయన పొడిచింది మందే. కాల్చింది నేను. మాలకొండమ్మ అని రాయండి. ముద్ర ఎక్కడ వెయ్యాలో చూపించండి."

ఊదారంగు మందు గిన్నె పెట్టె పక్కనే ఉంది. ఆమె బొటనవేలు ముంచి, మిగతా ఎనిమిది ఇళ్లవాళ్ల వైపు చూసింది. "నా వెనక వరసగా రాండి," అంది.